చుక్క నూనె కాలకుండా ఎల్లారెడ్డికి

ఆ రోజుకు పురుషోత్తం పటేలు వేసుకున్న ఏర్పాటు చాలా మామూలుది. చీకటితోనే కామారెడ్డిలో బయలుదేరాలి. ఎండ ముదరకముందే ఎల్లారెడ్డి చేరాలి. వర్జ్యం రాకముందే తమ్ముడు హన్మంతుకు లింగయ్య కూతురు రాజమణిని ఖాయం చేసుకుని, పూలుపండ్ల వేడుక కానిచ్చి, వాళ్లింట్లోనే భోంచేసి, మర్నాడు ఇల్లు చేరాలి. ఇదంతా కారు టాంకీలో అడుగున మిగిలిన నూనెతోనే జరగాలి. ఈ ఆఖరి షరతు వింటే ఇంకొకరు ఎడ్లబండి కట్టించేవారు. పురుషోత్తానికి మాత్రం ఒళ్లంతా హుషారు పుట్టింది.

ఆ కారు సంగతి కొంచెం చెప్పాలి. అది పెట్రోలు తాగే కారు కాదు, డీజిలు నూనె తాగే కారు. యుద్ధం రాబోతోందని ముందే వాసన పట్టిన ఒక జర్మనీ ఇంజనీరు దాన్ని సికింద్రాబాదులో అమ్మకానికి పెట్టి, ఓడ ఎక్కే తొందరలో ఉన్నాడు. షోకులున్న దొరలెవరూ దాని జోలికి పోలేదు. కదిలితే చప్పుడు, ఆగితే పొగ. పురుషోత్తం ఒక్కడే దాని చుట్టూ తిరిగి చూసి, "మా బియ్యం మిల్లు ఇంజను తాగే నూనెనే ఇది గూడ తాగుతదా?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. తాగుతుందన్నారు. మారు మాట్లాడకుండా కొనేశాడు.

కొన్న తర్వాత ఆయన చేసిన సాధన మాత్రం నిజంగా మెచ్చుకోవలసిందే. ఒక టాంకీతో ఎంత దూరం పోవచ్చో ఆ కారు తయారుచేసిన వాళ్లకైనా అంత బాగా తెలిసి ఉండదు. బ్రేకు వేయడమంటే అప్పటికే కాల్చిన నూనెను మట్టిలో పోయడమేనని ఆయన సిద్ధాంతం. అందుకని దారికి అడ్డంగా బర్రెలు కనిపిస్తే ఆయన బ్రేకు తొక్కేవాడు కాదు. హన్మంతు కారులోంచి దూకి, కారుకంటే ముందు పరుగెత్తి వాటిని తోలేవాడు. దిగుడు వస్తే ఇంజను ఆపేసేవాడు. ఎక్కుడు వస్తే అందరినీ దింపేసేవాడు. రెండింటికీ మధ్య చదును నేల వస్తే, దిగినవాళ్ల చేత తోయించేవాడు. ఎక్కడ నిలిపినా ఏటవాలు చూసే నిలిపేవాడు, తిరిగి ఇంజను అందుకోవడానికి ఒక దొర్లు చాలు గనక. ఆ కారు ఎక్కినవాళ్లు తమ జన్మలో అంత నడక ఎన్నడూ నడవలేదని చెప్పుకునేవాళ్లు. చెప్పుకుంటూనే, "ఏమన్నగాని, టాంకిని గట్ల సాగదీసెటోడు ఇంకోడు పుట్టలే" అని తలలూపేవాళ్లు.

ఈ విద్య ఆయనకు తల్లి కమలవ్వ నుంచి వచ్చింది. ఆమె అగ్గిపుల్లను నిలువునా చీల్చి రెండుసార్లు వెలిగించే మనిషి. వడ్డించేటప్పుడు ఆమె చెంచా నెయ్యి గిన్నెలోకి పోయేది గానీ, దాని వీపు మాత్రమే తడిసేది. అలాంటి కమలవ్వ, వానలు పడని ఏట గాదె తలుపులు బార్లా తీయించి, ఎవరు ఎక్కడివాళ్లని అడగకుండా, చుట్టుపక్కల ఊళ్ల జనానికి కొత్త పంట వచ్చేదాకా గంజి పోయించింది. ఊరికే ఒలకబోయడం ఆమెకు చేతకాదు. ఆకలిగొన్నవాడి గిన్నెలో పోయడం చేతనవును. ఈ తేడా తెలిసిన వాళ్లు తక్కువ, నెయ్యి చెంచా సంగతి తెలిసిన వాళ్లు ఎక్కువ.

యుద్ధం మొదలయ్యాక నూనె దొరకడం కష్టమైపోయింది. వచ్చే నెల దాకా ఆశ పెట్టుకోవద్దని షావుకారు చేతులెత్తేశాడు. మిల్లు మూతపడింది. కారు టాంకీలో ఉన్నదే ఆ ఇంటికి మిగిలిన నూనె. సరిగ్గా అప్పుడే ఎల్లారెడ్డి నుంచి లింగయ్య కబురు పంపాడు.

లింగయ్య కమలవ్వకు దూరపు వరసలో తమ్ముడు. ఆయన కూతురును హన్మంతు నిజాంసాగర్ కట్ట మీద ఒకసారి చూశాడు. అప్పటినుంచి అతనికి అన్నం సహించడం లేదు. ఆ ఇంట్లో దాన్ని కూడా పొదుపు కిందే జమ కట్టారు. సంబంధం అడిగితే లింగయ్య ఒకసారి పంట ఇంటికి రానీ అన్నాడు, ఇంకోసారి పిల్ల మేనమామను అడగాలన్నాడు. ఏదో వెనుకముందాడుతున్నాడు, ఎందుకో చెప్పడు. ఇప్పుడు వచ్చిన కబురు మాత్రం సూటిగా ఉంది. దోమకొండ వాళ్లు శుక్రవారం పిల్లను చూసుకోవడానికి వస్తున్నారు, రాదలుచుకుంటే అంతకుముందే రండి, కూర్చుని మాట్లాడుకుందాం అని. ఈ రోజు మాట ఖాయం కాకపోతే రాజమణి దోమకొండ కోడలవుతుందని హన్మంతుకు అర్థమైపోయింది.

తెల్లవారుజామున అందరూ కారు దగ్గర చేరారు. పురుషోత్తం భార్య సుభద్రమ్మ చేతిలో ఒక మూట ఉంది.

"ఏందది?" అన్నాడు పురుషోత్తం.

"సద్ది. తొవ్వల తిందామని కట్టిన."

"గంత బరువు కార్ల ఎందుకే?"

"అయితే ఇక్కడనే తిని ఎక్కుదాం తియ్యి."

"మూటల ఉన్నా కడుపుల ఉన్నా బరువు బరువే గద. లింగయ్య మామింట్ల తిందాం, ఎక్కు."

సుభద్రమ్మ సద్దిమూటను గడప లోపల పెట్టి వచ్చి కూర్చుంది. మొగుని వైపు ఆమె చూసిన చూపులో నూనె లేకుండానే మంట ఉంది.

కమలవ్వకు మోకాళ్ల నొప్పులు. కాళ్లు ముడుచుకుని అంతసేపు కూర్చోలేదు. అందుకని వెనుక సీటు మొత్తం ఆమెకే ఇచ్చారు. ఆమె కాళ్లు చాపుకుని పడుకుని, దుమ్ము పడకుండా తల నుంచి పాదాల దాకా కొత్త తెల్ల దుప్పటి కప్పుకుంది. పూలుపండ్ల కోసం తెచ్చిన బంతిపూల దండలు, చామంతి దండలు, అరటిపండ్ల గెల, కొబ్బరికాయలు ఆమె తల దగ్గర కొన్ని, కాళ్ల దగ్గర కొన్ని సర్దారు. వేరే చోటు లేదు మరి. దీన్ని చూసి ఎవరైనా ఏమైనా అనుకుంటారని ఆ నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. మంచి పనికి పోయేవాళ్లకు అలాంటివి తట్టవు.

లింగంపేట దాటేదాకా ప్రయాణం ముచ్చటగా సాగింది. దిగుళ్లలో కారు చప్పుడు లేకుండా జారింది, ఎక్కుళ్లలో సుభద్రమ్మ, హన్మంతు దిగి నడిచారు. కమలవ్వ హాయిగా నిద్రపోయింది. లింగంపేట దాటాక ఒక పొడుగాటి దిగుడు వచ్చింది. పురుషోత్తం ఇంజను ఆపేసి, చక్రం మీద చేతులు పెట్టి, కారును గాలికి వదిలాడు. కింద ఉన్న చిన్న ఊరు దాటి అవతలి మలుపు దాకా ఆ ఊపుతోనే పోవాలని ఆయన కోరిక. కానీ ఎండకు రోడ్డు మీద మట్టి పొడిబారి దుమ్ము పేరుకుని ఉంది. కారు ఊరి మొదట్లోనే నీరసించి నిలబడిపోయింది.

"దిగుండ్రి, జర తొయ్యుండ్రి. ముంగట ఇంకో దిగుడున్నది," అన్నాడు పురుషోత్తం, తల దించుకుని నూనె ముల్లును దీక్షగా చూస్తూ.

సుభద్రమ్మ దిగింది. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఎండ నడినెత్తికి వస్తోంది. నాలుగడుగులు తోసేసరికి కాలి బొటనవేలు రాయికి కొట్టుకుని గోరు లేచింది. అంతే, ఆ నొప్పికి పొద్దుటి ఆకలి, పెండ్లయిన నాటినుంచి నడిచిన నడక అన్నీ కలిసివచ్చి, ఆమె కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే తోసింది. పక్కన హన్మంతు ఎండకు తువ్వాల తల మీద కప్పుకుని, దుమ్ము కొట్టుకుపోయిన ముఖంతో తోస్తున్నాడు.

రోడ్డు పక్క చేనులో కలుపు తీయిస్తున్న మైసన్న తలెత్తి చూశాడు. కరువు ఏట కమలవ్వ గంజి తాగి బతికినవాళ్లలో అతనూ ఒకడు. చప్పుడు లేకుండా మెల్లగా వస్తున్న కారు కనబడింది. వెనుక సీట్లో తెల్లదుప్పటి, తల దగ్గర పూలు, కాళ్ల దగ్గర పూలు. చక్రం ముందు తల వంచుకున్న పెద్దకొడుకు. వెనుక తల మీద గుడ్డతో చిన్నకొడుకు. కోడలు కన్నీరుమున్నీరు. మైసన్న చేతిలో కొడవలి జారిపోయింది.

"అవ్వా! కమలవ్వా! మమ్ముల ఇడిసి పోతున్నవా అవ్వా!" అంటూ రొమ్ము బాదుకుంటూ రోడ్డు మీదికి ఉరికాడు. ఆ కేకకు చేలోని కూలీలు వచ్చారు. వాళ్ల ఏడుపుకు ఊరు వచ్చింది.

హన్మంతు నోరు తెరిచాడు. "అరె మైసన్నా, గట్ల గాదు..."

"నువ్వేం చెప్పకు బిడ్డా. నీ దుఃఖం నాకెర్క లేదా?" అని మైసన్న అతన్ని గట్టిగా వాటేసుకున్నాడు. ఆ కౌగిలిలో హన్మంతు మిగతా మాట నలిగిపోయింది.

మన వైపు ఒక మర్యాద ఉంది. పెద్ద ముత్తైదువో, పెద్ద మనసున్న మనిషో పాడె మీద ఊరి మీదుగా పోతుంటే, చూసినవాళ్లు ఊరికే నిలబడరు. తమ పొలిమేర దాటేదాకా భుజం పడతారు. ఇక్కడ పాడె లేదు, కారు ఉంది. దానికి భుజం పట్టడమెట్లాగని ఎవరూ తల బద్దలు కొట్టుకోలేదు. పదిమంది వెనుక చేతులు ఆనించారు.

"ఇంజను వెట్టకు పటేలా," అన్నాడు మైసన్న కిటికీ దగ్గరికి వచ్చి. "అవ్వ చెవుల ఆ రొద పడొద్దు. మా ఊరు దాటెదాక మా చేతుల మీదనే పోవాలె."

కారు కదిలింది. నూనె కాలలేదు, దిగుడు లేదు, భార్య తోయడం లేదు, అయినా కదిలింది. పురుషోత్తం జన్మలో అలాంటి సుఖం ఎరగడు. అయితే ఆయన అబద్ధాల మనిషి కాదు. నిజం చెప్పేద్దామని తల బయటపెట్టబోయాడు. వెనుక దుప్పటి కింద నుంచి మెల్లగా ఒక గొంతు వినిపించింది.

"నోరు మూస్కోని ముంగటికి సూడురా."

"అవ్వా! మెలకువొచ్చిందా?"

"వచ్చింది. ఏందిరా గీ ఏడ్పులు?"

"నువ్వు పోయినవనుకుంటున్నరు."

దుప్పటి కొంచెంసేపు ఆలోచించింది. "అనుకోనీ. సచ్చిండ్రని పుకారు పుడ్తె ఆయుస్సు పెరుగుతదంటరు. ఎందాక తోస్తరట?"

"పొలిమేర దాక."

"మంచిదే గద. ముంగటి ఎక్కుడు గూడ గడుస్తది. తొయ్యనీ."

పురుషోత్తం ముందుకు చూశాడు. తల్లి మాట ఎన్నడూ జవదాటని కొడుకుగా ఆయనకు ఊళ్లో మంచి పేరుంది. ఆ రోజు ఆ పేరు నిలబెట్టుకోవడం ఆయనకు ఏమంత కష్టమనిపించలేదు.

కష్టమంతా హన్మంతుది. తల్లి పోయిందన్న మాట ఎల్లారెడ్డికి చేరితే మైల. మైల పట్టిన ఇంటికి పిల్లను ఖాయం చేయరు. మైల తీరేలోపల శుక్రవారం వచ్చేస్తుంది, దోమకొండ వాళ్లు వచ్చేస్తారు. అతను జనాన్ని తోసుకుని కిటికీలో తల పెట్టి దుప్పటి పట్టుకుని లాగాడు.

"లే అవ్వా! నీకు దండం పెడ్త, జల్ది లే అవ్వా!"

ఆ మాటతో ఊరు ఊరంతా గొల్లుమంది. ఇద్దరు పెద్దమనుషులు అతన్ని రెక్కలు పట్టి వెనక్కి తీసుకుపోయారు. "ఇగ లేవది కొడుకా. గుండె రాయి చేసుకో."

"లేస్తదే! లేస్తలేదు గంతే!"

"పాపం, చిన్నోడు గద. తల్లి మీద పాణం," అని ఆడవాళ్లు ముక్కులు చీదుకున్నారు. సుభద్రమ్మను ఒకామె చేయి పట్టి నడిపించింది, ఇంకొకామె చెంబెడు మజ్జిగ తాగించింది. మజ్జిగ కడుపులో పడగానే సుభద్రమ్మ కూడా ఈ విషయంలో తొందరపడి ఏమీ చెప్పకూడదనుకుంది.

పొలిమేర వచ్చింది. అక్కడ పక్క ఊరివాళ్లు అప్పటికే నిలబడి ఉన్నారు. ఏడుపు కారుకంటే వేగంగా పోతుంది. వాళ్లు డప్పులు కూడా తెచ్చారు. నిండు బతుకు బతికిన మనిషిని డప్పులతోనే సాగనంపాలి. పుట్టిన గడ్డ ఎల్లారెడ్డి వైపే గనక అక్కడి మట్టిలో కలవాలని ఆమె చివరి కోరిక కాబోలని ఎవరో అన్నారు. రెండో ఊరు దాటేసరికి ఆ కోరికను ఆమె నోటివెంట తాము విన్నామని చెప్పేవాళ్లు ఇద్దరు తేలారు. పేలాలు చల్లారు.

"బంగారమసొంటి పేలాలు మట్టిల పోస్తున్నరు గదరా," అని దుప్పటి గొణిగింది.

ఎక్కుడు వచ్చినా కారు ఆగలేదు. పురుషోత్తం అందరినీ దింపి ఇంజను పెట్టినా అంత తేలిగ్గా ఎక్కేది కాదు. ఆయన ఒక చేత్తో చక్రం పట్టుకుని, ఇంకో చేత్తో ఉండుండి కళ్లు తుడుచుకుంటున్నాడు. జనం చూసి జాలిపడ్డారు. అవి ఆనందబాష్పాలని వాళ్లకేం తెలుసు? ఒక చుక్క కాలకుండా ఆరేడు మైళ్లు! ఇంత గొప్ప సంగతిని జన్మలో ఎవరికీ చెప్పుకోలేనని తోచినప్పుడు మాత్రం ఆయన నిజంగానే ఏడ్చాడు.

తల్లీకొడుకుల ఒప్పందం ఏమంటే, ఎల్లారెడ్డి కనబడే చివరి మలుపు దగ్గర కమలవ్వ లేచి కూర్చోవాలి. జనానికి చేతులెత్తి మొక్కి, ఇంజను పెట్టి, దర్జాగా ఊళ్లోకి పోవాలి. మలుపు వచ్చింది.

"ఇగ లే అవ్వా," అన్నాడు పురుషోత్తం పెదవులు కదలకుండా.

"జర ఆగురా."

"ఎందుకు?"

"ఆ ముసల్ది నా గురించి ఏమో చెప్తున్నది. విననీ."

కారు పక్కనే కర్ర ఊతతో నడుస్తున్న ఈరవ్వ అనే ముసలామె రాగం తీసి ఏడుస్తోంది. కరువు ఏట తన పిల్లలు ముగ్గురు ఆకలికి లేవలేక పడుకున్నచోటే ఉంటే, కమలవ్వ స్వయంగా గంజి కుండ ఎత్తుకుని తన గుడిసెకు వచ్చిందని, పెద్ద కులం చిన్న కులం చూడక తన చేత్తో పిల్లల నోట్లో పోసిందని, ఆ ముగ్గురూ ఇవాళ ఈ కారు తోస్తున్నారని చెప్పి ఏడుస్తోంది. చెప్తుంటే తోసేవాళ్లలో ఒకడు వలవలా ఏడ్చాడు.

దుప్పటి ముఖం దగ్గర తడిసింది. "బతికుండంగ ఒక్కరు గూడ ఈ మాట అనలేదురా పురుషోత్తం," అంది కమలవ్వ. "నెయ్యి చెంచా ముచ్చటే చెప్పుకున్నరు గని. ఇంకో రెండు మాటలు విని లేస్త."

ఇంత చేసిన మనిషి అంతమాత్రం అడిగితే కాదనడం ఎవరి తరం? ఆ రెండు మాటలు నాలుగయ్యాయి. ఈలోగా ఒక మంచివాడి వల్ల పని చెడింది. సైకిలున్న పర్శరాములు అనే అతను, పాపం చుట్టాలకు తెలియకపోతే ఎట్లాగని, ఎవరూ అడగకుండానే ముందే ఎల్లారెడ్డికి తొక్కుకుంటూ పోయాడు. సంబంధం మాటలకు వచ్చే చుట్టాల కోసం లింగయ్య ఇంట్లో భక్ష్యాలు కాలుతున్నాయి. పర్శరాములు వాకిట్లోనే సైకిలు పడేసి కబురు చెప్పాడు. లింగయ్య పై కండువా కూడా లేకుండా లేచి పరుగెత్తాడు. ఆయన వెనుక ఊరి పెద్దమనుషులందరూ కదిలారు. కారు ఊరి పొలిమేర చేరేసరికి వాళ్లు దారికి అడ్డంగా నిలబడి ఉన్నారు.

దుప్పటి కింద కమలవ్వ ఊపిరి బిగపట్టింది. ఇప్పుడు లేస్తే పరువు పోతుంది, లేవకపోతే సంబంధం పోతుంది. పురుషోత్తం చక్రాన్ని వదిలేసి దేవుణ్ని పట్టుకున్నాడు. హన్మంతు రోడ్డు మీద కూలబడ్డాడు.

లింగయ్య కారు తలుపు తీసి, కమలవ్వ కాళ్ల మీద పడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, అందులో ఏ దాపరికమూ లేదు. కాస్త తెరిపిన పడ్డాక పెద్దమనుషుల్లో ఒకరు మెల్లగా గొంతు సవరించుకున్నారు.

"మరి పిల్ల ముచ్చటేంది లింగయ్యా? వీళ్లకు మైల. దోమకొండోళ్లేమో శుక్రారం వస్తున్నరు."

లింగయ్య లేచి నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. అక్కడున్న ఊళ్లన్నీ చెవులు రిక్కించాయి.

"పదిమంది ముంగట దాసిపెట్టకుండ చెప్తున్న వినుండ్రి. ఇన్నొద్దులు నేను వెనుకముందాడింది పిల్లగాని గురించి గాదు. హన్మంతు బంగారం. ఆ ఇల్లు బంగారం. నాకున్న భయమంత మా అక్క గురించే. నా బిడ్డ నా ఇంట్ల కడుపునిండ తిన్నది. ఆ ఇంట్ల నెయ్యి చుక్క లెక్కవెట్టి పోస్తరు, అగ్గిపుల్ల చీరి వెలిగిస్తరు. నా బిడ్డ అక్కడ ఎట్ల బతుకుతదని భయపడ్డ. మా అక్క మంచిదే, కాదన. గని అత్తగ వద్దనుకున్న. దేవుడు ఆమెను తీస్కపోయిండు. ఇగ నాకే అడ్డం లేదు. మైల తీరినంక పెండ్లి. దోమకొండోళ్లను రావొద్దని చెప్పి పంపుత. నా బిడ్డ హన్మంతుదే." అని వంగి, కమలవ్వ రెండు పాదాలూ గట్టిగా పట్టుకున్నాడు. "మా అక్క పాదాల సాక్షి. ఈ మాట తప్పితే నేను మనిషినే గాదు."

"కాళ్లు ఇడువు తమ్మీ, సక్కిలిగిలి అయితున్నది," అంటూ కమలవ్వ లేచి కూర్చుంది.

డప్పులు ఆగిపోయాయి. ముందువరసలోని వాళ్లు వెనక్కి, వెనకవరసలోని వాళ్లు పొలాల్లోకి పోయారు. ఇద్దరు చింతచెట్టు ఎక్కారు. లింగయ్య మాత్రం ఎటూ పోలేకపోయాడు, ఎందుకంటే ఇప్పుడు కమలవ్వే ఆయన చేతులు పట్టుకుని ఉంది.

"ఏమంటివి? మల్లొక్కసారి అను."

"అక్కా... నువ్వు... పోయినవన్నరు గద..."

"నా ముచ్చట తర్వాత. పదిమంది ముంగట మాట ఇచ్చినవా, లేదా?"

లింగయ్య పెద్దమనుషుల వైపు చూశాడు. పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత వాళ్లలో పెద్దాయన, వచ్చే నవ్వును మీసాల కింద అణుచుకుంటూ, "ఇచ్చిండు. అందరం విన్నం. ఇప్పుడు మైల గూడ లేదాయె, ఇయ్యాలనే కానీయుండ్రి," అన్నాడు. రోడ్డు మీద కూలబడ్డ హన్మంతు లేచి, ఏం చేయాలో తోచక, మామగారి కాళ్లకు దండం పెట్టాడు.

మైసన్నకు మాత్రం కోపం వచ్చింది. అతను తన ఊరి పొలిమేర దగ్గర ఆగకుండా ఇక్కడిదాకా తోసుకుంటూ వచ్చినవాడు. "గిదేం పని అవ్వా? చెప్పులు అరిగెదాక తోపిచ్చుకున్నవు, గొంతులు పోయెదాక ఏడ్పిచ్చుకున్నవు. బతికున్నందుకు సంతోషమే గని, ఇది మంచిగున్నదా?"

కమలవ్వ అతని వైపు చూసింది. జనాన్నంతా చూసింది. ఆమె కళ్లలో మళ్లీ నీళ్లు తిరిగాయి. "తప్పే మైసన్నా. ముందుగాల నూనె కోసం పండుకున్న. తర్వాత మీ నోట మంచి మాట వినబుద్ధయి పండుకున్న. ఒక్కడు గూడ అన్నం తినకుండ పోవద్దు. అందరు రాండ్రి," అని చేయి చాచి పిలిచింది. "మా తమ్ముని ఇంట్ల భోజనాలు!"

లింగయ్య వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. ఇంట్లో వండింది పాతికమందికి. ఆయన వెనుక వస్తున్నది మూడు ఊళ్లు.

ఆయన గుమ్మంలోకి వెళ్లి కూతురుకు సంగతి చెప్పాడు. రాజమణి బయటికి తొంగిచూసి జనాన్ని అంచనా కట్టి, కంగారు పడకుండా కొంగు నడుముకు చుట్టింది. పప్పులో రెండు బిందెల చారు నీళ్లు కలిపించి, చింతపండు పిండి, కారం సరిచేసింది. భక్ష్యాలను నాలుగు ముక్కలుగా కోసి, ముక్కను మడిచి పెట్టింది. మడిచినప్పుడు అవి మొత్తం భక్ష్యాల్లాగే కనిపించాయి. నెయ్యి తానే వడ్డించింది. గిన్నెలో చెంచా ముంచి, భక్ష్యం మీద వేడిగా ఉన్నచోట చెంచా వీపుతో రాసింది. కమ్మటి వాసన ఇల్లంతా పట్టింది. బంతి వెనుక బంతి లేచాయి. ఏ ఒక్కరికీ తక్కువ కాలేదు, ఏ ఒక్కరూ తక్కువ తిన్నామనుకోలేదు. ఆఖరి విస్తరి ఎత్తేసరికి నెయ్యి గిన్నెలో ఇంకా సగం ఉంది.

కమలవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఆ చెంచానే చూస్తోంది. అన్నేళ్ల సంసారంలో ఆమె ఎవరి పనినీ అంత నోరు తెరుచుకుని చూడలేదు. చివరికి లేచి, మోకాళ్ల నొప్పి కూడా మరిచి, పోయి రాజమణి తల నిమిరింది.

"తమ్మీ," అంది లింగయ్యతో, "ఈ పిల్లకు నేను నెయ్యి లెక్కవెడ్తనని భయపడ్డవు గద. ఇగ భయం నాకు. ఈమె వచ్చినంక నాకెంత పోస్తదో ఏమో."

తన ఇంట్లో నెయ్యి కుండ ఎందుకు ఎప్పుడు చూసినా నిండుగానే ఉండేదో లింగయ్యకు ఆ రోజు తెలిసింది. పురుషోత్తం తృప్తిగా చేయి కడుక్కుని, ఇలాంటి కోడలు వస్తే ఒక టాంకీతో ఔరంగాబాదు దాకా పోయి రావచ్చని మనసులోనే లెక్క వేశాడు. పూలుపండ్ల వేడుక వర్జ్యం రాకముందే ముగిసింది. చింతచెట్టు ఎక్కినవాళ్లు కూడా దిగివచ్చి అక్షింతలు వేశారు.

మర్నాటి తిరుగు ప్రయాణంలో కమలవ్వ మళ్లీ ఒకసారి పడుకుని చూసింది గానీ, దారిలో ఒక్కరూ ఏడవలేదు.